ఎవరి మూర

తీర్పరి మళ్ళీ అదే మాట అంది.

“ఐదో ఇంక్లైన్, పంకా కార్యక్రమం. ఈ షరతు ఎన్నటికీ నిజం కాదు. ఎండుకొమ్మ. ఐదు గంటల కోతకు చేర్చబడింది.”

జమున టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాదకు, సగం టీ బల్ల మీదే పారింది. తుడిచే ఓపిక లేక ఒక పాత కాగితం దాని మీద పడేసి, తెర మీదికి వంగి, ఆ తీర్పును మళ్ళీ చదివింది. చదివితే మారుతుందని కాదు. కోపం వచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎక్కడో ఒకచోట ఆనాలి, అంతే.

చదివింపు శాఖలో ఆమె చదువరి. నల్లబండ ఊళ్ళో ఏ యంత్రం మీదికి ఏ కార్యక్రమం, అంటే దాన్ని నడిపే ఆదేశాల చిట్టా, ఎక్కాలన్నా ముందు తీర్పరి అనే మిషను ఆ చిట్టాను నడపకుండానే చదివి పచ్చ ఇవ్వాలి. పచ్చ రానిది ఎక్కదు. ఇప్పటికే ఎక్కినవాటిని కూడా నెలనెలా తిరిగి చదువుతుంది. అలా చదివేటప్పుడు, ఎన్నటికీ జరగని సంగతికి ఎవరో జాగ్రత్త రాసిపెట్టిన చోటు కనబడితే దాన్ని ఎండుకొమ్మ అంటుంది. సాయంత్రం ఐదింటికి నరికేసి మిగిలినదాన్ని యంత్రానికి పంపేస్తుంది. చదువరుల పని ఆ తీర్పుల కింద సంతకం పెట్టడం. అభ్యంతరం చెప్పే హక్కు కూడా వాళ్ళకు ఉంది. బస్సులో అత్యవసరపు కిటికీ ఉన్నట్టే ఉంది, అద్దం పగలగొట్టే సుత్తి మాత్రం ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు.

ఐదో ఇంక్లైన్ ఒకప్పటి బొగ్గు గని. ఇప్పుడు అక్కడ బొగ్గు తీసేవాళ్ళు లేరు. ఎండాకాలం పొద్దెక్కేసరికి ఊరు ఊరంతా గనుల్లోకి దిగి, పొద్దు గుంకాక పైకి వస్తుంది. మధ్యాహ్నం పైన నిలబడగలిగేవి కరెంటు స్తంభాలు మాత్రమే. కింద మనుషులు బతికేది పంకా గాలి మీద. ఐదో ఇంక్లైన్ పంకా దగ్గర డ్యూటీ చేసేవాడు జమున సొంత తమ్ముడు ఓదెలు. అతని భార్య, పాలు తాగే బిడ్డ పగలంతా ఆ పంకాకు దిగువన మూడో గ్యాలరీ సొరంగంలోనే పడుకుంటారు.

ఆ పంకాను నడిపేది పాత యంత్రం. గనిలో గ్యాస్ ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ బయటికి రానివ్వని ఇనుప పెట్టెలో ఉన్నదే పనికొస్తుంది, అలాంటి పెట్టెలు చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. యంత్రం తాను తిరిగిన కాలాన్ని లెక్కపెట్టుకుంటూ పోతుంది. పాత స్కూటర్ మీటరులో అంకెలన్నీ నిండి సున్నాలకు తిరిగినట్టు, దాని లెక్క కూడా కొన్నాళ్ళకోసారి నిండి తిరగబడుతుంది. అప్పుడు గాబరా పడకుండా మొదటినుంచి ఎత్తుకొమ్మని చెప్పేదే ఈ కొమ్మ. అది లేకపోతే యంత్రం కాలం వెనక్కి పోయిందనుకుని, ఇంకా తిరిగే వేళ కాలేదనుకుని, పంకా ఆపి కూర్చుంటుంది. పోయిన ఎండాకాలం రెండో ఇంక్లైన్‌లో అదే జరిగింది. మనుషుల్ని భుజాల మీద మోసుకుంటూ పైకి తెచ్చారు. రాజమల్లు అనే ముసలాయన్ని తెచ్చేసరికి ఆయనకు ఊపిరి లేదు. ‘పాత యంత్రం వైఫల్యం’ అని రాసి ఫైలు మూసేశారు. కొమ్మ నరికిన సంగతి అందులో ఒక్క ముక్క లేదు.

షరతు ఇలా ఉంది: లెక్క మూర దాటబోతే.

యంత్రం పట్టగలిగిన అతి పెద్ద అంకెకు పాతవాళ్ళు పెట్టిన పేరు మూర. పేరు పెట్టినవాళ్ళెవరో పూలు కొన్నవాళ్ళే అయివుంటారు. చిన్న యంత్రానికి చిన్న మూర, పెద్ద యంత్రానికి పెద్ద మూర. ఎవరి చెయ్యి వాళ్ళది. తీర్పరి మాత్రం తన చెయ్యి చాపి కొలుచుకుని, ఆ అంకెనే నిఘంటువులో రాసుకుంది. అది నడిచేది కొత్త యంత్రం మీద, దాని చెయ్యి చాలా పెద్దది. ఆ మూర నిండాలంటే యుగాలు పట్టాలి. కాబట్టి షరతు ఎన్నటికీ నిజం కాదు, కాబట్టి ఎండుకొమ్మ, కాబట్టి కోత. ఒక్కో మెట్టూ సరిగ్గానే ఉంటుంది. అదే జమునకు ఒళ్ళు మండే సంగతి.

అభ్యంతరం రాసింది. “మూర విలువ యంత్రాన్ని బట్టి మారుతుంది.”

జవాబు రెప్పపాటులో వచ్చింది. “మూర స్థిరాంకం. స్థిరాంకం మారదు. అభ్యంతరం ముగించబడింది.”

ఆమె చేతిలో ఉన్న ఉపాయాలన్నీ అంతకుముందే అయిపోయాయి. మొదట కొమ్మ పక్కన ‘కన్నుమూత’ గుర్తు పెట్టింది, అంటే ఇక్కడ చూసీ చూడనట్టు పొమ్మని. అప్పట్లో రాజధానిలో ఇంకో తీర్పరి ఉండేది, పాతది, చెయ్యి చిన్నది, ఇక్కడివన్నీ అదీ ఒకసారి చదివేది. దానికి అక్కడ లోపమే కనబడలేదు. లోపం లేనిచోట కన్ను మూయమనడమేమిటని గుర్తు తీసేసింది. గుర్తు పోగానే నల్లబండ తీర్పరికి లోపం కనబడింది. ఒకటి పెట్టమంటుంది, ఒకటి తీసెయ్యమంటుంది. రెండు తీర్పరులూ రెండు మాటలు చెబుతున్నాయని జమున ఉత్తరం రాస్తే శాఖ వెంటనే స్పందించింది: రాజధానిలోని పాత తీర్పరిని పీకేసి, ఇక్కడున్నలాంటిదే అక్కడా పెట్టి, ఇక తగవు లేదు గనక కన్నుమూత గుర్తునే రద్దు చేసింది.

తర్వాత ఆమె మూర అనే పేరే తీసేసి, పాత యంత్రం అంకెను నేరుగా రాసింది. “అంకెలు నేరుగా రాయరాదు. పేరున్న స్థిరాంకం వాడండి. సూచన: మూర,” అని తీర్పరి దాన్ని తానే దిద్దిపెట్టింది.

లేచి శశిభూషణ్ గారి గదికి నడిచింది. ఆయన శాఖకు పెద్ద. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైనా బాగుండేదని జమున చాలాసార్లు అనుకుంది.

“సార్, ఐదో ఇంక్లైన్ కొమ్మ మల్ల కోతకొచ్చింది.”

“మల్ల ఏందమ్మా జమునా! పోయిన నెల జూసినం గద.”

“పోయిన నెల గూడ మీరు గిదే మాటన్నరు సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వే ఆలోచించు. స్థిరాంకం అంటేనే స్థిరంగ ఉండేది. అది మారుతదంటే స్థిరాంకం అని ఎందుకంటరు?”

“ఏ యంత్రంల దానికి అది స్థిరమే. యంత్రం మారితే అంకె మారుతది.”

“అంటే మారుతది, కని స్థిరం.”

“అవ్ సార్.”

“జర నువ్వే విను, నువ్వేం మాట్లాడుతున్నవో.”

జమున విన్నది. ఆ మాటలు ఆమె చెవికి కూడా పిచ్చిగానే తోచాయి. నిజం చెబుతూ పిచ్చిదానిలా కనబడటం కంటే చికాకు ఇంకోటి ఉండదు. తలుపు కాస్త గట్టిగానే వేసి బయటికి వచ్చింది.

శాఖ ఉన్నది మొదటి ఇంక్లైన్‌లో. మధ్యాహ్నం అన్నాల వేళ దాని ముందున్న సొరంగంలో చిన్న బజారు నడుస్తుంది. జమున అక్కడికి వచ్చి ఓదెలుకు ఫోన్ చేసింది. వెనక పంకా హోరు, దాని మీద తమ్ముడి గొంతు.

“లెక్క యాడిదాంక వచ్చింది తమ్మీ?”

“నిండొచ్చిందక్కా. పొద్దుమూకకముందే తిరుగుతది గావచ్చు.”

“ఐదింటికి కోత పడుతది. కొమ్మ పోతే, లెక్క తిరిగినంక పంక ఆగిపోతది. దానికంటె ముందుగాల నువ్వే పంక ఒక్కసారి ఆపి మల్ల పెట్టరాదు? లెక్క మొదటికొస్తది.”

“పంక ఆపుడు అంత అల్కగ ఉందా? ఆపాలంటే మందినంత పైకి తోలాలె. పైన ఎండ జూసినవా? ముసలోల్లు, పసిపోరలు దారిల్నే పడిపోతరు. ఇగ గాలి ఇన్‌స్పెక్టర్ సంతకం గూడ గావాలె. ఆయనేమో ఊటీల ఉన్నడు.”

“ఊటీలనా?”

“గాలి మంచిగుంటదని వొయిండట.” ఓదెలు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “అక్కా, నవ్వుతున్న గని నాకు బయమైతంది. పిల్ల కిందనే పన్నది. గంత పెద్ద మిషిని, గీ చిన్న ముచ్చట దానికి తెల్వదా?”

“తెల్వదు అనే మాటే దానికి రాదురా,” అంది జమున విసుగ్గా. “పచ్చ అంటది, లేకుంటె ఎరుపంటది.”

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నోట్లోనే తిరుగుతూ ఉంది.

రెండు అంగళ్ళ అవతల ఏదో గొడవ జరుగుతోంది. చూస్తే శశిభూషణ్ గారే. భార్యకు మల్లెపూలు కొంటున్నాడు. పూలమ్మే లచ్చవ్వ పొట్టి మనిషి, చేతులూ పొట్టివే. మోచేతి నుంచి వేలి కొస వరకు దండ సాగదీసి, తుంచి, ఆయన చేతిలో పెట్టింది.

“ఇదేం మూరవ్వా? జానెడున్నది!”

“మూరంటె మూరనే సారూ. నా చెయ్యి గింతనే ఉంటె నేనేం జెయ్యాలె?”

“మీ ఆయన లేడా? ఆయన కొలిస్తె ఇంకో జానెడు వస్తుండె.”

“బువ్వకు వొయిండు. ఆయన మూరనే గావాల్నంటె ఆయనొచ్చేదాంక నిలవడు.”

“ఇది అన్యాలం. మూరకో లెక్క ఉండాలె గద!”

జమున ఆయన వెనక నిలబడి ఉంది. నవ్వు రావాల్సిన చోట ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది.

“సార్,” అంది. “పొద్దటిసంది నేను చెప్పేది గిదే.”

శశిభూషణ్ గారు వెనక్కి తిరిగాడు. దండ వంక చూశాడు, లచ్చవ్వ చెయ్యి వంక చూశాడు, తన చెయ్యి వంక కూడా చూసుకున్నాడు. అర్థం కావడం ఆయన ముఖంలో కనబడింది. ఆ ఒక్క క్షణం జమునకు ఆయన మీద ప్రేమలాంటిది పుట్టింది.

“అర్థమైంది,” అన్నాడాయన నెమ్మదిగా. ఇద్దరూ నాలుగడుగులు పక్కకు నడిచారు. “అర్థమైతే ఏం లాభం చెప్పు? మూర ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అని రాసినమనుకో. మూర ఉన్న ప్రతి కార్యక్రమం అటుగాదు, ఇటుగాదు. పచ్చ గాదు, ఎరుపు గాదు. మనకు మూడో రంగు లేదు గద! కొత్తయి ఒక్కటి ఎక్కయి. నూటికి నూరు పచ్చ అని గుమ్మం మీద బోర్డు పెట్టుకున్నం. ఒక్క పంక కోసం...”

“ఒక్క పంక కింద మూడు గ్యాలరీల మంది ఉన్నరు సార్. రెండో ఇంక్లైన్ రాజమల్లు మీకు యాదికున్నడా?”

ఆయన దండను ఆకులో పెట్టి మడిచాడు. మడత సరిగ్గా రాలేదు, మళ్ళీ మడిచాడు.

“రాజధానికి రాస్త. గట్టిగనే రాస్త.”

“ఎప్పుడు సార్?”

“సోమారం.”

సోమవారం మంచి రోజే. ఐదింటికి మాత్రం ఉపయోగపడదు.

తన బల్ల దగ్గరికి వచ్చి తీర్పరి నిఘంటువు తెరిచింది. చదువరులకు అందులో దిద్దే అధికారం ఉంది, అక్షరదోషాలుంటే సవరించండని ఎప్పుడో ఇచ్చారు. ‘మూర’ దగ్గర ఆ పొడవాటి అంకె హాయిగా కూర్చుని ఉంది. చెరిపేసింది.

“విలువ తప్పనిసరి,” అంది తీర్పరి.

“తెలియదు,” అని రాసింది.

“అంకె ఇవ్వండి.”

“నీ తలకాయ,” అని పైకే అంది జమున. పక్క బల్ల దగ్గర కునుకు తీస్తున్న సహోద్యోగి ఒక కన్ను తెరిచి మళ్ళీ మూశాడు.

నిఘంటువులో ముందుకీ వెనక్కీ తిరిగింది. అంతటికీ ఒక్క అంకె, ఒక్క విలువ, ఒక్క మాట. ‘పండగ సెలవు’ దగ్గర ఆగింది. అక్కడ రెండు తేదీలున్నాయి, మధ్యలో ‘గానీ’ అని ఉంది. ఏటా పండగ ఈ రోజా మర్నాడా అని పంచాంగాలు పెట్టుకునే తగవు తెగక, ఏ ప్రాణం విసిగిన చదువరో సెలవుల కోసం తీర్పరికి ఆ ఒక్క మాట నేర్పి పోయాడు. తీర్పరికి తెల్వదు అనడం రాదు. గానీ అనడం వచ్చు.

మూర పక్కన రాసింది: పాత యంత్రం అంకె గానీ, కొత్త యంత్రం అంకె గానీ.

తీర్పరి కిక్కురుమనలేదు. “సవరణ చేసినవారు?” అని మాత్రం అడిగింది.

జమున చెయ్యి అక్కడ ఆగింది. ఉద్యోగం పోతుంది, అందులో అనుమానం లేదు. అది పోతే పోయింది. కొత్తగా ఎక్కాల్సిన నీళ్ళ పంపులు, లిఫ్టులు, ఆస్పత్రి యంత్రాలు అన్నీ రేపు ఆగిపోయి కూర్చుంటే జనం తిట్టేది ఆమెనే. ఇప్పటికే ఎక్కినవి నడుస్తూనే ఉంటాయి, అది నిజమే, కానీ ఆ నిజం ఎవడు వింటాడు? భయం వేసింది. ఇంత మామూలు సంగతి కోసం భయపడాల్సి వచ్చినందుకు అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇంటిపేరుతో సహా పేరు రాసి, సంతకం పెట్టింది.

ఐదు కొట్టే వేళకు శాఖలో అందరూ సంచులు సర్దుకుంటున్నారు. రోజూ కోతకు ముందు తీర్పరి తనను తాను చదువుకుని, తనకు తానే పచ్చ ఇచ్చుకుంటుంది. ఆ పచ్చ పడ్డాకే కత్తి కదులుతుంది. తన పేపరు తానే దిద్దుకుంటోందని చదువరులు చాలాకాలంగా నవ్వుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ హాస్యం కూడా పాతబడి ఎవరూ తలెత్తి చూడరు. జమున ఒక్కతే గోడ మీది పెద్ద తెర వంక చూస్తూ కూర్చుంది.

“కార్యక్రమం: తీర్పరి,” అని పడింది. తర్వాత రోజూ పడే పచ్చ పడలేదు. దాని సొంత లెక్కలోనూ ఒక మూర షరతు ఉంది మరి.

“మూర పాతదైతే షరతు నిజం. మూర కొత్తదైతే షరతు అబద్ధం. తీర్పు: పచ్చ గానీ, ఎరుపు గానీ.”

కాసేపు అక్కడే నిలిచిపోయింది. ఆ తర్వాత ఆ శాఖలో ఎవరూ ఎన్నడూ చూడని ఒక వాక్యం కింద చేరింది.

“చదువరి చెప్పాలి.”

కత్తి కదలలేదు. తెర మీద మిగతా కార్యక్రమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, గానీ గానీ అంటూ వరుసలో నిలబడటం మొదలుపెట్టాయి. సంచులు సర్దుకున్నవాళ్ళు సంచులు దించారు. పక్క బల్ల సహోద్యోగి రెండు కళ్ళూ తెరిచాడు.

శశిభూషణ్ గారు గదిలోంచి పరుగున వచ్చాడు. ఆకు పొట్లం చేతిలోనే ఉంది. “ఎవలు? ఎవలు జేసిండ్రిది?”

“నేనే సార్. మూర దిద్దిన.”

“దిద్దినవా? జమునా, తీర్పరికి దాని మీద దానికే నమ్మకం లేకుండ జేసినవ్ గదమ్మా! రాజధానోల్లకు నేనేం జెప్పాలె?”

ఆయన గదిలో ఫోన్ మోగడం మొదలైంది. అదే సమయానికి జమున చేతిలోని ఫోన్ కూడా మోగింది. ఆమె తమ్ముడి ఫోనే ఎత్తింది, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

“అక్కా, కోత పడ్డదా?”

“పడలే. లెక్క?”

“తిరగబోతంది. గిప్పుడే. నువ్వు లైన్లనే ఉండు.”

పంకా హోరు గది నిండా పరుచుకుంది. హోరు తగ్గింది. ఇంకా తగ్గింది. అవతల ఎవరో దగ్గారు. ఒక పసిబిడ్డ కెవ్వుమంది. జమున బల్ల అంచు పట్టుకుంది. కొమ్మ ఉందని ఆమెకు తెలుసు, షరతు అక్షరం అక్షరం తెలుసు, అయినా ఆ క్షణంలో తెలిసినదేదీ పనికి రాలేదు.

హోరు మళ్ళీ లేచింది. ముందు గురక పెట్టినట్టు, తర్వాత ఎప్పటిలాగే.

“తిరుగుతంది అక్కా,” అన్నాడు ఓదెలు. “మొదటిసంది లెక్క వెడుతంది. పిల్ల లేసింది, నేను పోయి ఎత్తుకుంట.”

లోపల రాజధాని ఫోన్ ఆగి, మళ్ళీ మొదలైంది. శశిభూషణ్ గారు పూల పొట్లాన్ని జమున బల్ల మీద, టీ మరక పక్కన పెట్టాడు. గదిలోకి నడిచి ఫోన్ ఎత్తాడు. తలుపు వేసుకోలేదు.

“అవ్ సార్, తీర్పరి ఆగింది... మనుషులే చదవాలె సార్... మా చదువరులే.” అవతలి గొంతు హెచ్చింది. ఆయన దూరంగా బల్ల దగ్గరున్న జమున వంక చూశాడు. “ఎప్పటికైతదని ఇప్పుడే ఎట్ల చెప్పను సార్? రేపు గానీ, ఎల్లుండి గానీ.”